కుదుపును, వేగమును అదుపుచేయు విద్య

తపతీ తీరమందలి సూరతు నగరమున, పవర్‌లూముల చప్పుడు రేయింబవళ్లు మ్రోగు లింబాయత్, ఉధనా ప్రాంతములలో, తెలంగాణమునుండి తరలివచ్చిన పద్మశాలి కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. ఆ ఇండ్ల యువకులు మోజుపడి కొనుక్కొను పల్సరు, అపాచీ, ఆర్15 వంటి బండ్ల బ్రేకులను, షాకబ్సార్బర్లను మెరుగుపరచు మెకానిక్కుల విద్య నా దృష్టిలో మిక్కిలి గౌరవింపదగినది. 2001లో పల్సరు వచ్చిననాటినుండి మనవారికి ఇంజను బలముపై మక్కువ హెచ్చినంతగా, ఆ బలమును నిలుపు సాధనములపై శ్రద్ధ హెచ్చలేదు.

మంచి పనివాడు మొదటనే కొత్త సామాను అమ్మజూపడు; ముందు బ్రేకు పట్టి, హ్యాండిలును అదిమి, ఫోర్కు ఎంత దిగి ఎట్లు లేచుచున్నదో చూచును. దిగినది చప్పున ఎగసి ఊగిసలాడినచో, పాత నూనెను వంచివేసి, ఒకింత చిక్కనిదానిని రెండు గొట్టములలోను సమముగా కొలిచి పోయును. వెనుక షాకబ్సార్బరు మాట ఆ పిమ్మటనే.

బ్రేకుపనిలో అతని ఓర్పు మరింత దర్శనీయము. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము కలది. తేమ చేరినకొలది అది తక్కువ వేడికే మరగి, ఆవిరి బుడగలు పుట్టి, లీవరు మెత్తబడును. వానకాలపు ఉక్కపోత ఎరిగిన సూరతులో ఇది మరువరాని సంగతి. పాతబడిన రబ్బరు గొట్టము ఒత్తిడికి ఉబ్బును గనుక ఉక్కు తీగెల అల్లికగల గొట్టమును బిగించి, లీవరు నొక్కిపట్టి, క్యాలిపరు నిపిలును కొద్దిగా వదలి, మరల బిగించుచు, పారదర్శకమగు పైపులో ఒక్క బుడగయు కానరాకుండునంతవరకు అతడు ఆ పని విడువడు.

డిస్కు పెద్దదైనంతనే బండి ఆగునను భ్రమ కలదు గాని, కడకు రోడ్డును పట్టునది టైరే. అరిగిన టైరుతో వచ్చిన కుర్రవానిని, "డిస్కు సంగతి తర్వాత జూద్దాం తమ్ముడూ, ముందు టైరు మార్చుకొని రా" అని, చేతికి వచ్చిన బేరమును వదలుకొని పంపివేయును.