గొట్టం మీది సాక్ష్యం

మూతిలోంచి మందు దట్టించి పేల్చే పాత తుపాకి చేతికొస్తే చాలామంది నగిషీ చూస్తారు, తర్వాత తయారీదారు పేరు చూస్తారు. నేను ముందు వెతికేది గొట్టం మొదట్లో, మందు పేలే చోట గోటికి తగిలే చిన్న ముద్రలను. పేరు అమ్మేవాడు తన గురించి చెప్పుకున్న మాట. ముద్ర, మామూలు కంటే ఎక్కువ మందు కూరి పేల్చి చూసిన మూడోమనిషి మాట.

లండన్ గన్‌మేకర్స్ కంపెనీకి 1637లో చార్టర్ వచ్చింది. దాని ముద్రలు రెండు: కిరీటం కింద అల్లుకున్న జీపీ, కిరీటం కింద వి. పేల్చి చూశామని ఒకటి, కంటితో పరిశీలించామని మరొకటి. 1813 చట్టంతో బర్మింగ్‌హామ్‌కూ ప్రూఫ్ హౌస్, అంటే గొట్టాలను పేల్చి పరీక్షించే చోటు, వచ్చింది. అక్కడ కిరీటం కింద ఒకదాని మీదొకటి వేసిన రాజదండాలు, వాటితో ఒక ముద్రలో బీపీసీ, ఇంకో ముద్రలో వి. ఈ జంట వెనకున్న వివేకం నాకు చాలా ఇష్టం. గొట్టం పగలకపోయినా లోలోపల ఉబ్బి ఉండొచ్చు. ఆ సంగతి కన్నే పట్టుకోవాలి.

బెల్జియంలోని లియేజ్ ముద్ర పొదుపరి. కోడిగుడ్డు ఆకారంలో ఈఎల్‌జీ, కింద నక్షత్రం. 1893లో దానిమీద కిరీటం చేరింది కాబట్టి కిరీటం ఉన్న ముద్ర అంతకుముందుది కాదు.

ఈ రోజుల్లో ఇటలీలోని గార్దోనెలో తయారయ్యే నకలు తుపాకుల మీద పీఎన్ అని ఉంటుంది. పోల్వెరె నేరా, అంటే నల్ల మందుకు మాత్రమే. పక్కనే సంవత్సరపు సంకేతం: ఏసీ అంటే 1977. ‘ఎప్పుడు’ అన్న ప్రశ్నకు ఇంత సూటిగా జవాబు పాత ఇంగ్లిష్ ముద్రలు ఇవ్వవు.

అయినా నా ఓటు బర్మింగ్‌హామ్‌కే. కారణం ఒక అంకె. అక్కడి వ్యాపారులు చేసిన 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ల మీద తరచుగా 25 అని కనిపిస్తుంది. పౌను సీసాన్ని 25 సమాన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు వ్యాసం దాదాపు 14.5 మిల్లీమీటర్లు. గొట్టం లోపలి కొలతకు అదే గుర్తు. ఈరోజు కొలిస్తే 15.6 వచ్చిందనుకోండి, అది 20 నంబరు కొలత. తుప్పు గీకడానికో, మళ్లీ తొలవడానికో చుట్టూ అర మిల్లీమీటరు పైనే లోహం తీసేశారన్నమాట. ముద్ర చెక్కుచెదరలేదు, ముద్ర వేయించుకున్న గొట్టం మాత్రం ఇప్పుడు లేదు. ఈ మార్పును సంవత్సరపు సంకేతం పట్టివ్వలేదు, అంకె పట్టిస్తుంది.

మన ఏజెన్సీ ఊళ్లలో పట్టుబడే నాటు తుపాకులకు ఇలాంటి సాక్ష్యమేదీ ఉండదు. పేలిన ప్రతిసారీ అదే పరీక్ష, పట్టుకున్నవాడి చేతుల్లోనే.

తాతలనాటి తుపాకి ఇంట్లో ఉంటే, లైసెన్సున్న ఆయుధాల మేస్త్రీతో గొట్టం కొలిపించండి. ముద్ర పక్కనున్న అంకెతో పోల్చి చూడకుండా అందులో మందు పోయకండి.