వెనక అద్దం మీద ఎర్రమట్టి

పాత కారు కొనడానికొచ్చినవాళ్లు టైర్లు తన్ని చూస్తారు. బానెట్ ఎత్తి ఇంజన్ చప్పుడు వింటారు. ఏసీ వేసి చెయ్యి అడ్డం పెడతారు. వెనక వైపర్ ఆన్ చేసి చూసిన మనిషి మాత్రం నాకింతవరకు తగల్లేదు. అమ్మేవాడికి ఆ సంగతి బాగా తెలుసు. అందుకే మన రోడ్ల మీద తిరిగే పాత బండ్లు చాలావాటికి వెనక వైపర్ ఉండదు. అది ఉండాల్సిన చోట బెజ్జాన్ని మూసేసిన ఎం-సీల్ ముద్ద ఉంటుంది. రిపేరంటే అదేననుకునే మెకానిక్కులూ తయారయ్యారు. ఈ వారం నా గొడవ వాళ్లతోనే.

మహబూబాబాద్ జిల్లాలోని మా గార్లలో ఆ వైపర్ లేకుండా నడపడం ఎంత తిప్పలో స్టీరింగ్ ముందు కూర్చున్నవాడికి తెలుస్తుంది. పక్కనే బయ్యారం ఇనుపరాయి నేల. ఎండాకాలం లేచే దుమ్మూ ఎరుపే, వానాకాలం చిమ్మే బురదా ఎరుపే. వెనక అద్దం ఏటవాలుగా ఉండే మామూలు కారైతే గాలి చాలావరకు అద్దం వెంబడే జారిపోతుంది. మాది లాంటి స్టేషన్ వ్యాగన్ సంగతి వేరు. దాని పైకప్పు చివరిదాకా పోయి అక్కడ నిలువునా తెగిపోతుంది. పైనుంచి దూసుకొచ్చే గాలి ఆ మలుపు తిరగలేదు. బండి వెనక ఒత్తిడి పడిపోయి సుడి పుడుతుంది. వెనక చక్రాలు లేపిన బురదంతా ఆ సుడిలో పడి తిన్నగా అద్దానికి కొడుతుంది. వానలో డోర్నకల్ పోయొచ్చేసరికి ముందు అద్దం తళతళలాడుతుంటే, వెనకది ఎర్రమట్టితో అలికిన గోడలా ఉంటుంది. పాకాల ఏరు పొంగి రాంపురం దారి మూసుకుపోయిన రోజున, ఏటి ఒడ్డుదాకా వెళ్లిన బండ్లన్నీ ఆ సన్నటి దారిలోనే వెనక్కి రావాలి. వెనకాల పిల్లలు నిలబడ్డారో, ట్రాక్టర్ ఆగి ఉందో కనపడకుండా రివర్స్ తీసే ధైర్యం నాకు లేదు.

చట్టాన్ని అడిగి లాభం లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో వైపర్ నిబంధన మాట్లాడేది ముందు అద్దం గురించే. 1903లో అమెరికాలో వైపర్‌కు పేటెంటు తీసుకున్న మేరీ ఆండర్సన్ కూడా న్యూయార్క్ మంచులో ట్రామ్ డ్రైవరు పడే అవస్థ చూసే ఆ పని మొదలుపెట్టింది.    వెనక అద్దం ఎప్పుడూ రెండో వరసే.

స్టేషన్ వ్యాగన్‌కు మన దేశంలో కలిసి రాలేదు. 1992లో టాటా ఎస్టేట్ వచ్చింది. తర్వాత మారుతి బాలెనో ఆల్టురా, 2004లో ఇండిగో మెరీనా వచ్చాయి. ఒకదాని వెనక ఒకటి వెళ్లిపోయాయి. ఇంటిల్లిపాదీ ఎక్కే సుమో, క్వాలిస్ ఉండగా, అయిదుగురు కూర్చుని వెనకంతా సామానుకు వదిలేసే బండి మనకెందుకనుకున్నారు జనం. నాకు ఆ పొడుగు డిక్కీయే కావాలి. అందుకే మా పాత బండిని వదల్లేదు. దాని నంబరు పలక ఇంకా ఏపీ 20, అంటే ఖమ్మం జిల్లా. టీఎస్ పలకలు వచ్చాయి, 2016 అక్టోబరులో గార్ల మహబూబాబాద్ జిల్లాలో కలిసింది, 2024 నుంచి కొత్త బండ్లకు టీజీ వచ్చింది. బండి మాత్రం ఖమ్మందే. తయారీ ఎప్పుడో ఆగిపోయిన ఇలాంటి బండికి కొత్త వైపర్ మోటరు దొరకడం కష్టం. దొరికినా పాత కార్లు విప్పి అమ్మేచోట దొరుకుతుంది. అదీ మన మోటరు లాగే ముసలిదై ఉంటుంది. కాబట్టి ఉన్నదాన్ని బాగుచేసుకోవడమే దారి.

ఇక్కడే మా ఊరివాళ్లకు ఒక సౌకర్యం ఉంది. బోరు మోటార్లు కాలే పల్లెల మధ్య వైండింగ్ షాపులకు కొదవలేదు. కార్ల షెడ్డులో "మోటర్ పోయింది, తీసి పారేద్దాం" అన్నదాన్ని వైండింగ్ షాపాయన విప్పనివ్వలేదు, డిక్కీ డోరు దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు.

"మోటర్ కాలలేదు సార్. కాలితే వాసన రావాలె. ముందుగాల దీనిదాకా కరెంటు వస్తుందో లేదో చూసిన్రా?"

షెడ్డులో ఎవరూ చూడలేదు. నిజానికి ఈ జబ్బులో సగం కథ ఆ ప్రశ్నలోనే ఉంది. కారు బాడీ నుంచి డిక్కీ డోరులోకి తీగలు పోయేచోట, పైన కీలు పక్కన, మడతలు మడతలుగా నల్లటి రబ్బరు గొట్టం ఉంటుంది. డోరు తెరిచినప్పుడల్లా, మూసినప్పుడల్లా తీగలు అందులో వంగుతాయి. ఏళ్లు గడిచేకొద్దీ రాగి పోగులు ఒక్కొక్కటే తెగిపోతాయి. పైన ప్లాస్టిక్ తొడుగు మాత్రం చెక్కుచెదరదు కాబట్టి కంటికి ఏమీ తెలియదు. గుర్తుపట్టడానికి ఒక ఉపాయం ఉంది. డోరు మెల్లగా ఎత్తుతూ దించుతూ నంబరు పలక లైటు చూడాలి. అది మినుకుమినుకుమంటే తప్పు గొట్టంలోనే. తీగను మెత్తగా పట్టి లాగితే తెగినచోట రబ్బరులా సాగుతుంది. అతుకు ఎప్పుడూ వంపులో వేయకూడదు. వంపుకు రెండు వైపులా దూరంగా పాత తీగను కోసి, మధ్యలో మెత్తటి కొత్త తీగ ముక్క వేసి, సోల్డరింగ్ చేసి స్లీవ్ తొడగాలి. మెలేసి టేపు చుడితే మళ్లీ వానాకాలానికి మొదటికొస్తుంది.

మా బండిలో తీగ అతికించి స్విచ్ వేయగానే ఫ్యూజు పోయింది. షెడ్డువాళ్లకు మళ్లీ ధైర్యం వచ్చింది, "మేం చెప్పలే?" అన్నారు. వైండింగ్ షాపాయన నవ్వలేదు, వాదించలేదు. వైపర్ చెయ్యి బిగించే షాఫ్టును పట్టకారుతో అటూ ఇటూ ఆడించబోయాడు. అది రవ్వంత కూడా ఆడలేదు.

జరిగింది ఇదీ. తీగ ఎప్పుడో తెగింది. వైపర్ తిరగడం మానేసింది. తిరగని షాఫ్టు చుట్టూ ఉన్న రబ్బరు ఎండకు పగిలింది. ఆ పగుళ్లలోంచి ఏళ్ల తరబడి వాన నీళ్లు దిగాయి. స్టీలు షాఫ్టు, దాని చుట్టూ అల్యూమినియం పోత గొట్టం. నీళ్లు తగిలితే ఆ రెండింటి మధ్య తెల్లటి పొడి పుట్టి పొంగి, షాఫ్టును బిగదీస్తుంది. మోటరు ఎంత గింజుకున్నా తిప్పలేదు, కరెంటు ఎక్కువ లాగుతుంది, ఫ్యూజు పోతుంది. ఫ్యూజు పోతోంది కదాని పెద్ద ఫ్యూజు వేసే మహానుభావులు ఉన్నారు. అప్పుడు మోటరు నిజంగానే కాలుతుంది.

షాఫ్టు తీయడం ఓపిక పని. ముందు చెయ్యి విప్పాలి. నట్టు ఊడుతుంది కానీ చెయ్యి పళ్లల్లో పట్టేసి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌ను అద్దానికి ఆనించి ఎత్తబోతే పని అయిపోయినట్టే. ఆ అద్దం చీలదు, మొత్తం గింజలు గింజలుగా రాలిపోతుంది. తుప్పు వదిలే నూనె కొట్టి, రాత్రంతా వదిలేసి, బ్యాటరీ టెర్మినల్ పీకే చిన్న పుల్లర్‌తో లాగాలి. తర్వాత డిక్కీ డోరు లోపలి అట్ట ఊడదీసి మోటరు మొత్తం బయటికి తీయాలి. షాఫ్టు మీదుండే సర్‌క్లిప్, వాషర్లు ఏ వరసలో వచ్చాయో ఫోనులో ఫోటో తీసుకోవడం మంచిది. మర చెడిపోకుండా నట్టును తిరిగి చివరదాకా ఎక్కించి, దాని మీద చెక్క సుత్తితో తట్టాడాయన. వేడి చేసి, నూనె వేసి, మళ్లీ తట్టాడు. మధ్యలో ఇద్దరు రైతులు బోరు మోటర్ల కోసం వచ్చారు. వాళ్ల పని ముందు చేశాడు, అదే న్యాయం కూడా. షాఫ్టు బయటికొచ్చాక సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది, గొట్టం లోపల శుభ్రం చేసి, కొత్త ఓ-రింగు వేసి గ్రీజు పెట్టాడు. కార్బన్ బ్రష్షులు చూశాడు, ఇంకా ఉన్నాయి. పగిలిన రబ్బరు మార్చాం. అది మార్చకపోతే మిగతా శ్రమంతా దండగే.

చెయ్యి బిగించే ముందు మోటరును ఒకసారి నడిపి ఆపాలి. లోపలున్న పార్కింగ్ కాంటాక్టు షాఫ్టును దాని సొంత స్థానంలో ఆపుతుంది. అప్పుడే చెయ్యిని అద్దం అంచున పడుకోబెట్టి నట్టు బిగించాలి. ఈ వరస తప్పితే వైపర్ అద్దం నడిమధ్యలో ఆగుతుంది.

ఇంతా చేసి వైపర్‌ను మళ్లీ మరిచిపోతే అదే జబ్బు అదే దారిలో తిరిగొస్తుంది. వానాకాలమైనా ఎండాకాలమైనా వారానికోసారి నీళ్లు చిమ్మి వెనక వైపర్ తిప్పండి. పొడి దుమ్ము మీద తిప్పకండి, అద్దానికి గీతలు పడతాయి. ఆగిపోయిననాడు రబ్బరు గొట్టంలో తీగ చూడకుండా, షాఫ్టు బిగుసుకుందేమో చూడకుండా మోటరు మార్చమన్నవాడికి, బెజ్జం మూసేద్దామన్నవాడికి మాత్రం తాళం చెవి ఇవ్వకండి.