సాక్ష్యంలో చెప్పని సగం

స్వస్థత కూటాల గురించి మన పత్రికల్లో వచ్చే రచనలు చాలావరకు ఒకే మాటతో మొదలై ఆ మాటతోనే ముగుస్తున్నాయి. మూఢనమ్మకం అనేస్తే విమర్శ పూర్తయిందనుకుంటున్నాం. మతాన్ని మత్తుమందన్న మార్క్స్‌ను గుర్తు పెట్టుకున్నవాళ్లు, ఆయన అదే చోట దాన్ని పీడితుల నిట్టూర్పుగా కూడా చూశాడన్న సంగతి వదిలేస్తున్నారు. ఆ నిట్టూర్పు ఏ భాషలో ఉంది, ఏ రూపం తీసుకుంది, ఎక్కడ తెగిపోతోంది అన్నది సాహిత్య విమర్శకుడు అడగవలసిన ప్రశ్న. దాన్ని హేతువాద సంఘాలకు వదిలి మనం చేతులు దులుపుకోవడం న్యాయం కాదు.

అనంతపురం ప్రాంతానికి క్రైస్తవం కొత్త కాదు. లండన్ మిషనరీ సొసైటీ 19వ శతాబ్దంలోనే బళ్లారి, గుత్తి కేంద్రాలుగా పనిచేసింది. ఆ సంఘాలే 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. రాతి గుడి, గంట, రాగతాళాలు కట్టిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, ముద్రించిన ఆరాధన క్రమం వాటి గుర్తులు. ఇవాళ ఊళ్లలో పెరుగుతున్నది ఇది కాదు. మాదిగ గేరి పక్కన రేకుల షెడ్డు, రెండు స్పీకర్లు, ఒక కీబోర్డు, శుక్రవారం ఉపవాస ప్రార్థన, సీసాలో ప్రార్థన నూనె. పరిశుద్ధాత్మ దిగివస్తాడు, అన్యభాషలు పలికిస్తాడు, రోగం పోగొడతాడు అన్నది ఇక్కడి దైవశాస్త్ర సారాంశం. సగటు వాన 550 మిల్లీమీటర్లు దాటని నేల ఇది. వేరుశనగ పోయి, బోరు ఎండి, సగం ఊరు బెంగళూరుకు కూలికి వెళ్లే చోట దిగివచ్చే దేవుడి కోసం ఎదురుచూడడంలో ఆశ్చర్యం లేదు.

ఇదంతా అమెరికా దిగుమతి అనే వాదన ఒకటి ఉంది. పైకం విషయంలో అది కొంత నిజం కావచ్చు. చరిత్ర విషయంలో కాదు. లాస్ ఏంజిల్స్‌లోని అజుసా వీధి కూటాలు మొదలైంది 1906లో. అంతకు ముందు ఏడాదే, 1905లో, కేడ్‌గావ్‌లో పండిత రమాబాయి నడిపిన ముక్తి సదనంలో వితంతువులు, అనాథ బాలికలు ఇలాంటి ఆవేశానికి లోనయ్యారు. తెలుగునాట 1938లో ముంగమూరి దేవదాసు లూథరన్ సంఘం నుంచి బయటికి వచ్చి బైబిల్ మిషన్ స్థాపించాడు. దర్శనాలకూ స్వస్థతకూ దేవుడి సన్నిధిలో మౌనంగా కనిపెట్టడానికీ అందులో పెద్ద స్థానం ఉంది. 1942లో దర్శనం కలిగిందని చెప్పిన కలగర సుబ్బారావు గుంటూరు జిల్లా మునిపల్లెలో హెడ్మాస్టరు. యేసు పేరున రోగులకు ప్రార్థన చేశాడు, పాటలు కట్టాడు. కానీ బాప్తిస్మాన్నీ, పాదరీలనూ, సంఘాన్నీ తిరస్కరించాడు. 1968లో కాయ్ బాగో అనే డేనిష్ పండితుడు ఈ ఉద్యమం మీద పుస్తకం రాశాడు. సుబ్బారావు 1981లో చనిపోయాడు.

సుబ్బారావు తిరస్కారం పైకి విప్లవాత్మకంగానే కనిపిస్తుంది. పూజారి వర్గం మీద ఆయన కోపం నకిలీది కాదు. అయితే ఆయన అనుచరుల్లో ఎక్కువమంది అగ్రవర్ణాలవాళ్లు. బాప్తిస్మం వద్దంటే సంఘంలో చేరనక్కర లేదు. కోస్తాలో సంఘమంటే అత్యధికంగా మాల మాదిగలే. వాళ్ల పక్కన కూర్చుని ఒకే రొట్టె విరవకుండా క్రీస్తును గురువుగా పొందే దారి ఈ బోధలో దొరికింది. ఆయన ఉద్దేశం అది కాకపోవచ్చు. ఉద్యమాన్ని తూచవలసింది ఉద్దేశంతో కాదు.

ఇప్పుడు మన గేరికి రండి. ఇక్కడా బాప్తిస్మం దాచుకునేవాళ్లున్నారు. కానీ కారణం వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు గాని క్రైస్తవులకు ఇవ్వలేదు. మతం మారిన దళితుడు మన రాష్ట్రంలో బి.సి.-సి కింద ఒక శాతం వాటాలోకి పోతాడు. అందుచేత ఆదివారం ఏసేపు, కాగితంలో ఎల్లప్ప. కమ్మ రైతుకు నీళ్లలో మునగకపోవడం కులాన్ని కాపాడుకోవడమైతే, మాదిగ కూలీకి అది పిల్లవాడి హాస్టల్ సీటు కాపాడుకోవడం. రెండింటినీ ఒకే అవకాశవాదంగా కొట్టిపారేసే విమర్శకు వర్గదృష్టి లేదన్నమాట.

ఇక సాక్ష్యం. ఈ కూటాల్లో అసలైన సాహిత్య ప్రక్రియ ఇదే, పాట కాదు. పాటల్లో సినిమా బాణీ తప్ప చెప్పుకోదగ్గది తక్కువ. పాత కీర్తనల్లో కనిపించే 'మేము' ఇప్పుడు 'నేను'గా కుదించుకుపోయింది. సాక్ష్యం అలా కాదు. కళ్లం ఊడ్చే మనిషి మైకు పట్టుకుని పావుగంట తన జీవితాన్ని తన మాటల్లో చెబుతుంది. తాగి కొట్టిన మొగుడు, చచ్చిన బిడ్డ, తిరిగిన ఆసుపత్రులు, మందు డబ్బా చేతికెత్తుకున్న రాత్రి. వందమంది మధ్యలో అడ్డం రాకుండా వింటారు. మన కథల్లో ఈమె యాసలో రెండు ముక్కలు మాట్లాడి పక్కకు జరుగుతుంది, మిగతాది రచయితే మాట్లాడతాడు. ఆ రేకుల షెడ్డు ఇచ్చిన పావుగంట మన అభ్యుదయ కథ ఆమెకు ఇవ్వలేదు.

కానీ ఆ పావుగంటకు ఒక కొలత ఉంది. పాత జీవితం, పిలుపు, కొత్త జీవితం అనే చట్రంలో కథ ఇమడాలి. కష్టానికి కర్త సాతాను గాని, తన పాపం గాని కావాలి. బోరు ఎందుకు ఎండింది? ఊరంతా వెయ్యి అడుగులకు తవ్వి నేలను తోడేశారని సాక్ష్యంలో రాదు. వేరుశనగ ధర, నూటికి ఇంత అని కట్టిన వడ్డీ, పట్టా లేని భూమి రావు. బాగుపడితే దేవుడి మహిమ, బాగుపడకపోతే విశ్వాసం చాలలేదు. ఈ రెండో సగమే నాకు క్రూరంగా తోస్తుంది. రోగిని రోగానికి బాధ్యుణ్ణి చేసే దైవశాస్త్రం ఇది. ఆసుపత్రికి పొమ్మనే బోధకులు ఉన్నారు, మాత్రలు మానెయ్యమనేవాళ్లూ ఉన్నారు. దశమభాగం మాత్రం ఎవరూ మానెయ్యమనరు.

సంస్కృతి విషయంలో తీర్పు అంత సులువు కాదు. గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల దగ్గర హిందువులు, ముస్లింలు కలిసి అగ్నిగుండం తొక్కే నేల ఇది. ఎల్లమ్మ పూనకం ఎరిగిన నేల. కూటంలో ఊగిపోయే ఒంటికీ ఆ ఒంటికీ తేడా నాకు కనిపించలేదు. బోధకుడు మాత్రం అది దయ్యం, ఇది ఆత్మ అంటాడు. ఆ మాటతో ఎల్లమ్మ కథా, చెక్కభజనా, కోలాటమూ పాపమైపోతున్నాయి. నష్టమే. కానీ తప్పెట కూడా పోయిందని వాపోయే జానపద పరిశోధకులతో నేను ఏకీభవించలేను. మాదిగకు తప్పెట కళ ఒక్కటే కాదు. ఊరిలో శవం లేస్తే ముందు నడిచి కొట్టాల్సిన వెట్టి కూడా. "నేను ప్రభువును నమ్ముకున్నాను, కొట్టను" అనడానికి ఆ షెడ్డు ఒక ఆధారమైంది. ఆ నిరాకరణను మనం నేర్పలేకపోయిన చోట అది నేర్పింది.

దేవుడితో మొర పెట్టుకుంటూనే దోషి పేరు చెప్పవచ్చునని తెలుగు సాహిత్యంలో రుజువుంది. జాషువా 1941లో రాసిన గబ్బిలంలో గుడిలోకి వెళ్లలేని మనిషి గబ్బిలం చేత కాశీ విశ్వనాథుడికి కబురు పంపుతాడు. అది కూడా సాక్ష్యమే. అందులో ఆకలికీ అంటుకూ బాధ్యులు ఎవరో స్పష్టంగా ఉంది. క్రైస్తవ ఇంట పుట్టిన కవి ఆ మొరను శివుడికి పంపడం మీద చర్చ వేరే చేయవచ్చు. ఇక్కడ కావలసింది ఒక్కటే. వినేవాడు దేవుడైనంత మాత్రాన చెప్పేవాడి నోట కారణం రాకూడదని లేదు. కూటం దాన్ని రానివ్వడం లేదు.

ఆమెకు తెలియక కాదు. మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన ఇరవై వేలు ఏ నెలకు ఎంతైందో నోటికి వచ్చు. మైకు ముందు అది సాతాను శోధన అవుతుంది. ఆమెన్ అయ్యాక, గడప బయట చెప్పులు వెదుక్కుంటూ పక్కామెతో ఆ లెక్కే మాట్లాడుతుంది.