మిడతల ఏటి డైరీ

డైరీలు రాసేవాళ్లు రెండు రకాలు. తాము పోయాక లోకం చదువుతుందని రాసుకునేవాళ్లు ఒకరకం. ఎవరి కంటా పడకూడదని దిండు కింద దాచుకునేవాళ్లు రెండో రకం. మొదటివాళ్ల డైరీల్లో వాళ్లెప్పుడూ మంచివాళ్లే, తప్పంతా పక్కవాళ్లది. రెండోవాళ్లు పాపం సిగరెట్లు అయిపోయాయనీ, ఆఫీసరు తిట్టాడనీ, ఎదురింటి అమ్మాయి ఇవాళ కనిపించలేదనీ రాస్తారు. నవలలు రాసుకునేదాన్ని గనక నాకు రెండోరకమే ఇష్టం.

ఇహ్సాన్ తుర్జుమాన్ ఈ రెండోరకం మనిషి. 1893లో పుట్టాడు. జెరూసలేం పాతబస్తీ కుర్రవాడు. మొదటి ప్రపంచయుద్ధంలో తుర్కీ సుల్తాను సైన్యంలోకి బలవంతాన తీసుకుంటే, అదృష్టవశాత్తూ సొంత ఊళ్లోనే, సైనిక కార్యాలయంలో గుమాస్తా పని దొరికింది. 1915లోనూ 1916లోనూ రాసుకున్న డైరీ అతనిది. 1917లో, యుద్ధం ఇంకా ముగియకుండానే చనిపోయాడు. దాన్ని చాలా ఏళ్ల తర్వాత సలీం తమారీ అనే పాలస్తీనా సమాజశాస్త్రవేత్త వెలికితీసి, 2011లో ‘ఇయర్ ఆఫ్ ది లోకస్ట్’ అనే పేరుతో ఇంగ్లీషులో అచ్చువేయించాడు. అంటే మిడతల సంవత్సరం అన్నమాట.

ఒక సామాన్య గుమాస్తా డైరీ మీద ఇంత హడావిడి ఎందుకంటారా? దాని వెనక పెద్ద తగాదా వుంది. 1969లో ఇజ్రాయెల్ ప్రధాని గోల్డా మేయర్ పాలస్తీనీయులంటూ ప్రత్యేకమైన జనం అసలెప్పుడూ లేరన్నట్టు మాట్లాడింది. ఆ మాట అప్పటినుంచి ఎన్ని నోళ్లలో నానిందో లెక్కలేదు. దానికి జవాబుగా అవతలివాళ్లు, మేం అనాదినుంచీ ఇదే పేరుతో ఇదే మనసుతో ఇక్కడే వున్నాం అంటారు. ఇద్దరికీ సాక్ష్యాలు కావాలి. పోయినవాళ్లను సాక్షిబోనులోకి లాక్కురావడం మనుషులకు కొత్త కాదు గదా! ఈ కుర్రవాణ్ణీ అలాగే లాగారు. చదివిన తర్వాత నాకు తోచిందేమిటంటే, ఇతను ఎవరి పక్షానా సరిగ్గా సాక్ష్యం చెప్పడు. అందుకే ఈ పుస్తకం నిలబడింది.

అప్పటి సంగతులు కాస్త తెలిస్తేగానీ ఇతను అర్థంకాడు. పాలస్తీనా నాలుగువందల ఏళ్లు ఒట్టోమన్ సామ్రాజ్యంలో వుంది. ఆ చివరి రోజుల్లో ప్రభుత్వ దఫ్తరాల్లో పాలస్తీనా పేరుతో ఒక రాష్ట్రం లేదు. జెరూసలేం జిల్లా నేరుగా ఇస్తాంబుల్ కింద వుండేది. నాబ్లుస్, అక్కా ప్రాంతాలు బేరూత్ రాష్ట్రంలో చేరి వుండేవి. కానీ 1911లో యాఫా పట్నంలో ఈసా అల్ ఈసా, యూసఫ్ అల్ ఈసా అనే దాయాదులిద్దరు పత్రిక పెట్టి దానికి ‘ఫలస్తీన్’ అని పేరు పెట్టుకున్నారు. దఫ్తరంలో లేని పేరు పత్రిక నెత్తిమీదికి ఎలా వచ్చింది? జనం నోట్లో లేకపోతే కొనేవాడెవడు? చదువు వచ్చినవాడొకడు కాఫీ దుకాణంలో కూర్చుని చదివితే, రానివాళ్లు చుట్టూ చేరి వినే కాలం అది.

పత్రికలకు ముందు పట్టాలు వచ్చాయి. 1858లో సుల్తాను ప్రభుత్వం కొత్త భూమి చట్టం తెచ్చింది. ప్రతి చెక్కా ఎవరో ఒకరి పేర రిజిస్టరు కావాలంది. రైతులకు భయం పట్టుకుంది. పేరు రాయించుకుంటే పన్ను పడుతుంది, కొడుకుని సైన్యంలోకి పట్టుకుపోతారు. అంచేత చాలామంది ఊరి పెద్దల పేరనో పట్నం షావుకార్ల పేరనో రాయనిచ్చి, దున్నుకోవడం మాత్రం తామే దున్నుకున్నారు. (దున్నేవాడొకడు, పట్టాలో పేరు ఇంకొకడిది! మనకు వివరించి చెప్పాలా?) ఇక బేరూత్‌కు చెందిన సుర్సుక్ కుటుంబం లాంటి పెద్ద షావుకార్లు ప్రభుత్వం దగ్గర విశాలమైన భూములు కొనేశారు. అల్ ఫూలా అనే ఊరి భూమిని వాళ్లు యూదుల వలస సంస్థకు అమ్మితే, దున్నుకుంటున్నవాళ్లు లేచిపోవలసి వచ్చింది. 1910, 1911ల్లో నజరేతు జిల్లా అధికారి షుక్రీ అల్ అసలీ ఆ పట్టా మార్చడానికి ఒప్పుకోక, పత్రికల్లో మారుపేరుతో వ్యాసాలు రాసి పెద్ద గొడవ చేశాడు. ఒక ఊరి రైతుల కష్టం ఆ పత్రికల మూలంగానే దేశం కష్టమైంది. పాలస్తీనా అభిమానం ఎక్కడ పుట్టిందని అడిగితే, జెండాల్లో కాదు, ఇదిగో ఈ పట్టా కాగితాల్లో వెతకమంటాను నేను.

రైలు కూడా వచ్చింది లెండి, 1892లో, యాఫానుంచి జెరూసలేంకు. యాఫా ద్వారం మీద గడియారస్తంభం లేచింది. అంతవరకూ సూర్యుడు గుంకితే పన్నెండైనట్టు లెక్కపెట్టుకున్న ఊరు అది. ఆ స్తంభాన్ని బ్రిటిష్‌వాళ్లు 1922లో, ఊరి పాత అందం చెడగొడుతోందని పడగొట్టించారు. పాతబస్తీ పాతగానే వుండాలని పరాయివాడికున్నంత పట్టుదల సొంతవాడికి వుండదు కాబోలు!

ఇప్పుడు మన కుర్రవాడి దగ్గరికి వద్దాం. 1915 మార్చి చివర్లో, డైరీ మొదట్లోనే, స్నేహితులతో కూర్చుని కబుర్లాడుతూ వుంటాడు. సుల్తాను రాజ్యానికి రోజులు దగ్గరపడ్డాయన్నది అందరూ ఒప్పుకున్నారు. మరి పాలస్తీనా గతేమిటి? స్వతంత్రం వస్తుందా, ఈజిప్టులో కలుస్తుందా? కలిసేట్టే వుందని ఇతను రాసుకుంటాడు. బాల్ఫర్ ప్రకటన రావడానికి ఇంకా రెండున్నరేళ్లకు పైగా టైముంది. ఎవరూ అడగకుండా, ఎవరికీ రుజువు చేయనక్కర్లేకుండా, ఒక ఇరవై రెండేళ్లవాడు తన నేల పేరు తన నోటుబుక్కులో మామూలుగా రాసుకున్నాడు. గోల్డా మేయర్‌కి జవాబు అక్కడుంది.

అయితే ఇక్కడితో ఆగి చప్పట్లు కొట్టేవాళ్లకు కొన్ని పేజీల తర్వాత ఇబ్బంది ఎదురవుతుంది. తనను సూయజ్ కాలవ వైపు యుద్ధానికి పంపిస్తారేమోనన్న భయంతో ఇతను, తను పేరుకే ఒట్టోమన్‌ననీ, తన దేశం మానవజాతి అంతానూ అని రాసుకుంటాడు. జాతీయవాదులకు ఈ మాట మింగుడుపడదు. నాకు మాత్రం ఎంతో నిజమనిపించింది. ఇరవై రెండేళ్లవాడు ఇవాళ ఒకటంటాడు, రేపొకటంటాడు. చావు భయం పట్టుకున్నప్పుడు మరొకటంటాడు. అతని మనసులో ఊరు, మతం, భాష, సామ్రాజ్యం, మానవజాతి, ప్రేమించిన పిల్ల అన్నీ ఒకే పెట్టెలో సర్దిన బట్టల్లా వుంటాయి. పైకి ఏది వస్తే అది తొడుక్కుంటాడు.

ఇక ఆ ఏడు మిడతలు వచ్చిపడ్డాయి. ఆకాశం నల్లబడేలా వచ్చి, చెట్టుకి ఆకు లేకుండా నెలల తరబడి తినేశాయి. పదిహేనునుంచి అరవై ఏళ్ల లోపు మగవాళ్లందరూ తలా 20 కిలోల మిడత గుడ్లు ఏరి తెచ్చివ్వాలనీ, లేకపోతే జరిమానా కట్టాలనీ ప్రభుత్వం ఆజ్ఞ వేసింది. అసలే మగవాళ్లు సైన్యంలో, గోధుమలు సైన్యానికి, గాడిదలూ ఒంటెలూ కూడా సైన్యానికే. సేనాని జమాల్ పాషా బేరూత్‌లోనూ డమాస్కస్‌లోనూ అరబ్బు నాయకుల్ని ఉరితీయించాడు. ఇహ్సాన్‌కు కోపం వస్తుంది, ఏడుపు వస్తుంది, సిగరెట్లు దొరకవు. సురయ్యా అనే అమ్మాయిని పెళ్లాడాలని వుంది, గుమాస్తా సిపాయి జీతంతో అడిగే ధైర్యం లేదు. దేశం ఏమవుతుందన్నదీ, తన పెళ్లి ఏమవుతుందన్నదీ అతనికి రెండు ప్రశ్నలు కావు. ఈ ఒక్క ముడినీ మామూలు చరిత్ర పుస్తకాలు పట్టుకోలేవు.

తమారీ వాదన ఏమిటంటే, ఆ నాలుగేళ్ల యుద్ధం నాలుగువందల ఏళ్ల ఒట్టోమన్ జ్ఞాపకాన్ని తుడిచిపెట్టేసిందని. ఆకలీ, ఉరికంబాలూ, బలవంతపు సైన్యమూ చూశాక, అంతకుముందున్నదంతా కూడా ‘తుర్కీవాళ్ల దుర్మార్గం’ అనే ఒక్క మాటలోకి కుదించుకుపోయింది. వాదన గట్టిదే. చెప్పే తీరు మీదే నా ఫిర్యాదు. ముందుమాట చాలా పొడుగు. కుర్రవాడు నోరు తెరిచేలోపు ప్రొఫెసరుగారు అతని ప్రేమకీ, పిరికితనానికీ కూడా అర్థాలు చెప్పేస్తారు. వడ్డించకముందే రుచి వర్ణించే అత్తగారి వరస!

ఈ డైరీ పక్కన పెట్టుకుని చదవాల్సింది వాసిఫ్ జవహరియ్యా ఆత్మకథ. ‘ది స్టోరీటెల్లర్ ఆఫ్ జెరూసలేం’ పేరుతో ఇంగ్లీషులో వచ్చింది. 1897లో పుట్టిన ఈయన ఊద్ వాయించే సరదా మనిషి. క్రైస్తవుల ఇంట పుట్టాడు, నాన్న ముస్లిం స్నేహితుడొకాయన పేరు పెట్టారు. అరబ్బీ ఉచ్చారణ బాగుండాలని నాన్న ఖురాను నేర్పించాడు. ముస్లింల నబీ మూసా ఉత్సవానికీ, క్రైస్తవుల ఈస్టరుకీ, యూదుల పండుగలకీ అందరూ కలిసే వెళ్లేవాళ్లంటాడు. గ్రామఫోను వచ్చిందంటే పండగ, మోటారుకారు వచ్చిందంటే పండగ. చదువుతుంటే మనకూ ఆ వీధుల్లో తిరగాలనిపిస్తుంది. కానీ ఇది 1948లో ఇల్లూ ఊరూ పోగొట్టుకున్న మనిషి వెనక్కి తిరిగి చెప్పిన కథ. పోయిన పుట్టింట్లో గోడల చెమ్మ ఎవరికి గుర్తుంటుంది? భూమి పోయిన రైతు ఈ పాటకచేరీల గుమ్మందాకా రాడు. ఇహ్సాన్‌కు 1948 తెలియదు, 1917 చివరిదాకా కూడా బతకలేదు. అంచేత అతని పేజీల్లో తీపి తక్కువ, నిజం ఎక్కువ.

ఇహ్సాన్‌కు చదువు చెప్పిన ఖలీల్ సకాకీనీ కూడా డైరీలు రాశాడు. 1909లో ఈయన పెట్టిన బడిలో మార్కులు లేవు, బహుమతులు లేవు, దెబ్బలు లేవు. ఏ మతం పిల్లలైనా చేరవచ్చు. 1917 చివర్లో, బ్రిటిష్ సైన్యం జెరూసలేంకు దగ్గరపడుతున్న రోజుల్లో, ఆల్టర్ లెవిన్ అనే అమెరికా పౌరుడైన యూదుడు ఆశ్రయం కోరి ఈయన తలుపు తట్టాడు. అమెరికా శత్రుదేశమైంది గనక అలాంటివాళ్లను దాచినవాళ్లకు ఉరి కూడా పడవచ్చు. వచ్చిన అతిథిని పొమ్మనడం తమ ఇంటా వంటా లేదని సకాకీనీ లోపలికి రమ్మన్నాడు. ఇద్దర్నీ పట్టుకుని డమాస్కస్ జైలుకు తీసుకుపోయారు. కొద్ది రోజులకే, డిసెంబరు 9న, ఊరు బ్రిటిష్‌వాళ్ల వశమైంది. ఆ కొద్ది రోజులు ఎక్కడైనా తల దాచుకుని వుంటే ఇద్దరూ బయటపడేవాళ్లు! మర్నాడు ఏం కాబోతోందో ఎవరికీ తెలియని ఆ రాత్రి, ‘మనం ఎవరం’ అన్న ప్రశ్నకు సకాకీనీ ఇచ్చిన జవాబు తలుపు తీయడం. ఆ గుమ్మం దగ్గర మనసులో ఏం తిరిగిందో ఆయన డైరీలో రాసుకున్నాడు గనకే మనకు తెలిసింది.

మరి ఆయన భార్య సుల్తానా? పసిపిల్లవాణ్ణి పెట్టుకుని ఇంట్లో మిగిలిపోయిన ఆవిడ ఆ రాత్రి ఏమనుకుంది? తలుపు ఇద్దరిదీ కదా! ఆవిడ మనకు భర్త రాసిన ఉత్తరాల్లో, డైరీల్లో మాత్రమే కనిపిస్తుంది. సురయ్యా అయితే అంతకంటే అన్యాయం, ఒక కుర్రవాడి నిట్టూర్పు తప్ప ఇంకేం కాదు. ఇహ్సాన్‌ను ఒక విషయంలో మెచ్చుకోవాలి. పరదా మూలాన సగం జాతి చీకట్లో వుంటే దేశం ఎలా బాగుపడుతుందని అతను 1915లోనే అడిగాడు. వీధిన పడ్డ ఆడవాళ్లను చూసి అసహ్యించుకోడు, జాలిపడతాడు. అయినా అది మగపిల్లవాడి నోటుబుక్కే. మిడతలు తినగా మిగిలినదాంతో ఆ పూట ఏం వండారో అందులో వెతికి విసిగిపోయాను.

ఆ లోటు కొంచెం తీర్చేది ఫద్వా తూఖాన్ ఆత్మకథ. నాబ్లుస్ ఊళ్లో 1917లో పుట్టిన ఈ కవయిత్రి జీవితకథ 1985లో పుస్తకంగా వచ్చింది. ఆవిడ పుట్టిన తేదీ ఇంట్లో ఎవరూ రాసిపెట్టలేదు. తల్లిని అడిగితే, తన దాయాది ఒకడు యుద్ధంలో చనిపోయినప్పుడు నువ్వు నా కడుపులో ఏడో నెల అందిట. ఆడపిల్ల పుట్టినరోజు తెలియాలంటే ఒక సిపాయి సమాధిరాయి మీద తేదీ చూసుకోవాలన్నమాట! ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను.

ఒక చిన్న ముచ్చట. 1918లో హైఫా పట్నాన్ని పట్టుకున్న బ్రిటిష్‌వాళ్ల అశ్వదళంలో మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లతో పాటు మన హైదరాబాదు లాన్సర్లూ వున్నారు. ఢిల్లీ తీన్‌మూర్తి విగ్రహాలు మూడూ వాళ్లవే. ఆ గుర్రాలవాళ్లలో ఒక్కడైనా ఇహ్సాన్‌లా ఓ నోటుబుక్కు దిండు కింద దాచి వుంటే ఎంత బాగుండేది!

ఇహ్సాన్ నోటుబుక్కు మాత్రం ఎక్కడ దొరికిందో తెలుసా? 1948లో జెరూసలేంలో అరబ్బుల ఇళ్లు ఖాళీ అయినప్పుడు పోగుచేసిన పుస్తకాల్లో కలిసి, అక్కడి గ్రంథాలయంలో ‘యజమానులు వదిలేసిన ఆస్తి’ అనే పద్దు కింద చేరింది. ఆ పద్దు చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండింది. వదిలేసిందెవరు? రాసినవాడు అప్పటికి ముప్పై ఏళ్ల కిందటే మట్టిలో కలిశాడు.

దొరికితే ముందు డైరీ చదవండి, తర్వాత వాసిఫ్‌ను చదవండి. ముందుమాట సంగతి చివర్న చూసుకోవచ్చు.