కథకి చిరునామా రాసిపెట్టిన మాస్టారు

తెలుగులో కథలు రాసినవాళ్లు వేలమంది ఉన్నారు. పక్కవాడు రాసిన కథ పోకుండా దాచినవాళ్లని లెక్కపెట్టడానికి మాత్రం ఒక చేతి వేళ్లు చాలు. ఆ కొద్దిమందిలో కారా మాస్టారిదే, అంటే కాళీపట్నం రామారావు గారిదే, మొదటి పీట. టెక్కలివాణ్ణి కాబట్టి ఈ మాట పక్షపాతంతోనే అంటున్నాను. కాదనేవాళ్లు శ్రీకాకుళం వచ్చి, ఆయన పెట్టిన కథల గ్రంథాలయం కథానిలయం మెట్లెక్కి, ఒక గంట అక్కడ కూర్చుని, అప్పుడు కాదనండి.

కాళీపట్నం రామారావు గారు 1924 నవంబరు 9న శ్రీకాకుళం జిల్లా మురపాకలో పుట్టారు. భీమిలిలో టీచరు ట్రైనింగు, విశాఖ సెయింట్ ఆంథోనీ హైస్కూల్లో మూడు దశాబ్దాల ఉద్యోగం, 1979లో రిటైర్మెంటు. ‘భారతి’ పత్రికా 1924లోనే మొదలైంది. ఆ పత్రిక 1991లో ఆగిపోయింది. అలాంటి పత్రికల పాత సంచికలు ఏరి పెట్టే పనిలో ఈయన కన్నుమూసే దాకా, అంటే 2021 జూన్ 4 దాకా ఉన్నారు.

ఆయన కథ ‘యజ్ఞం’ గురించి కొత్తగా చెప్పేదేముంది? సుందరపాలెంలో ఒక అప్పు తగువు మీద పంచాయితీ నడుస్తూ ఉంటుంది. మాట మీద మాట, లెక్క మీద లెక్క. అందరూ న్యాయంగానే మాట్లాడుతున్నట్టుంటుంది. చివర సీతారాముడు తన కొడుకునే నరికేసేసరికి అంతసేపూ మనం తలూపుతూ విన్న న్యాయమేమిటో అర్థమవుతుంది. ఆ ముగింపు మీద దశాబ్దాల పాటు వాదించుకున్నాం, ఇంకా వాదించుకుంటున్నాం. ‘చావు’, ‘జీవధార’, ‘భయం’ కూడా ఆ చెయ్యి రాసినవే. అంతటి చెయ్యి తిరిగినవాడు 1970ల తర్వాత తన కలం పక్కన పెట్టి, ఊళ్లో కుర్రాళ్లు తెచ్చిన కథల ముందు కూర్చున్నాడు. ఇంత గొప్ప త్యాగం మన విమర్శకుల్లో ఎవరు చేశారో చెప్పండి!

‘కథాకథనం’ చదివినవాళ్లకి ఆయన విమర్శ పద్ధతి తెలుసు. బిరుదులివ్వరు, సిద్ధాంతం పేరు చెప్పి బెదిరించరు. కథ ఎవరి కంటితో చూస్తున్నావు, ఈ సంగతి పాఠకుడికి ఇప్పుడే ఎందుకు చెప్పావు, ఈ పాత్ర ఈ మాట అంటుందా అని అడుగుతారు. మాస్టారు కదా, తప్పు దిద్దరు, తప్పు ఎక్కడుందో నీ చేతే పట్టిస్తారు.

అయితే నా లెక్కలో ఆయన అసలు విమర్శ కథానిలయమే. కథ ఎప్పుడు, ఏ పత్రికలో, ఏ పేరుతో వచ్చిందో తెలియకుండా దాని గురించి ఏం మాట్లాడినా అది అరుగు మీద కబురే. ఈ సంగతి ఇంగ్లీషు పుస్తకాలు చదివిన ప్రొఫెసర్ల కంటే ఈ బడిపంతులికి ముందు తట్టింది.

ఆ పని ఎలాంటిదో ఒక్క ఉదాహరణ చెబుతాను. పాత పత్రిక చేతికొస్తుంది, ముఖచిత్రం ఉండదు. లోపల ‘రుధిరోద్గారి నామ సంవత్సరం’ అని మాత్రం ఉంటుంది. అరవై ఏళ్ల చక్రంలో అది 1923 ఉగాదికి మొదలైంది. అలాగని 1923 అని రాసేస్తే పప్పులో కాలేసినట్టే. మార్గశిరం 1923 డిసెంబరులో పడుతుంది, పుష్యానికి 1924 జనవరి వచ్చేస్తుంది. నెల చూడకుండా ఏడాది రాయకూడదు. నెల కూడా చిరిగిపోతే అదే సంచికలో నడుస్తున్న సీరియల్ ఎన్నో భాగమో చూడాలి, సినిమా ప్రకటన చూడాలి, సంపాదకుడికొచ్చిన ఉత్తరంలో ఏ వార్త ఉందో చూడాలి. తర్వాత కలం పేర్లు. ఆడపేరుతో రాసిన మగవాళ్లుంటారు, ఒకే పేరుతో ఇద్దరుంటారు, ఒకాయనకే మూడు పేర్లుంటాయి. ఆపైన సంపుటిలోకొచ్చేటప్పటికి రచయిత ముగింపు మార్చేసి ఉంటాడు. పత్రికలో అచ్చయిన కథ, పుస్తకంలో కథ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఆ మార్పు దొరకదు. ఇన్ని తేల్చాక కాగితం మీద రాసేది ఒక్క వరసే: కథ, రచయిత, పత్రిక, తేదీ, పుట.

ఆ ఒక్క వరస ఏం చేస్తుందో చూడండి. 1910లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’ తొలి తెలుగు కథ అని మనమంతా బడిలో బట్టీ పట్టాం. భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లోనే ‘హిందూసుందరి’లో వచ్చింది. పాత పత్రికలు తిరగేసినకొద్దీ ఇంకా ముందటి కథలు బయటపడ్డాయి. వివిన మూర్తి గారు వాటిని ‘దిద్దుబాటలు’ సంపుటంగా తెచ్చారు. గురజాడ గొప్పతనం వీసమెత్తు తగ్గలేదు. ఆయన ఒంటరిగా ఊడిపడలేదని తెలిసింది, అంతే. ఆడవాళ్ల పత్రికలో ఒక ఆడమనిషి రాసిన కథని ఇన్నేళ్లు పక్కన పెట్టిన మన విమర్శకి ఆ చిన్న వరస వేసిన మొట్టికాయ ఇంకా నొప్పెడుతూనే ఉంది.

1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తలుపులు తెరిచారు. అవార్డుల సొమ్ము, రచనల మీద వచ్చింది అందులో పోశారు. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు ఇచ్చింది ‘యజ్ఞంతో తొమ్మిది’ పుస్తకానికే. హైదరాబాదులో పెడితే పదిమందికీ అందుబాటులో ఉండేది కదా అని సణిగినవాళ్లున్నారు. అన్నీ అక్కడే ఉండాలా? కథ కోసం ఒకసారి సిక్కోలు రైలెక్కితే అరిగిపోతారా? అయినా ఇప్పుడు ఆ ఫిర్యాదుకీ చోటు లేదు. మనసు ఫౌండేషన్ వాళ్ల చేయూతతో పాత సంచికలు స్కానయ్యాయి, కథానిలయం వెబ్‌సైటులో ఎవరైనా వెతుక్కోవచ్చు.

ఇండోనేషియాలో హెచ్.బి. యాసిన్ అనే విమర్శకుడుండేవారు. 1917లో పుట్టి 2000లో పోయారు. ఆయనా ఇంతే: రచయితల ఉత్తరాలు, రాతప్రతులు, పత్రికల కత్తిరింపులు జీవితమంతా పోగుచేస్తే, 1976లో జకార్తాలో ఆయన పేరనే సాహిత్య భాండాగారం ఏర్పడింది. ఆయన పత్రికలో 1968లో కలం పేరుతో వచ్చిన ఒక కథ మీద మతపరమైన గొడవ లేచింది. రచయిత అసలు పేరు చెప్పమని కోర్టు అడిగితే ఆయన చెప్పలేదు. శిక్ష తన నెత్తిన వేసుకున్నారు. అన్నీ పోగుచేసి పెట్టడమే పనిగా బతికినవాడికి ఏ పేరు దాచాలో కూడా తెలుసన్నమాట. 2011లో సర్కారు నిధులు కోసేస్తే, ఆ భాండాగారం కోసం జనం నాణేలు పోగుచేశారు. ఇది చదివి నాకు కుళ్లుకొచ్చింది. మనమైతే ఏం చేసేవాళ్లం?

మా సంగతి చెబుతాను. కాశీబుగ్గలో ఒక పాత పేపర్ల కొట్టులో వారపత్రికల కట్ట ఒకటి చూశాను. పిన్నులు తుప్పు పట్టి కాగితం మీద గోధుమరంగు మరకలు. రంగుల అట్టలు ఎవరో ముందే చింపేసుకున్నారు. ఒక కథ మధ్య పుటలో మొదలైంది, ఆఖరి పుట లేదు, రచయిత పేరున్న మూల చెదపురుగు తినేసింది. బేరమాడబోతే కొట్టాయన నవ్వాడు. “ఏటి బాబూ, సదివినోళ్లే కిలోల్లెక్కన ఏసేస్తన్నారు, నువ్వెందుకు బెంగెట్టుకుంటావు?” ఏం జవాబు చెప్పను!

మా జిల్లా తీరాన ఉన్న ఉద్దానంలో కాగితానికి శత్రువులు ఎక్కువ. సముద్రపు ఉప్పుగాలి ఒకటి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఇంకొకటి. పడిపోయిన కొబ్బరి చెట్టుకి ఇంతని పరిహారం కట్టారు. పెంకు లేచిపోయిన ఇంట్లో తడిసి ముద్దయిన పుస్తకాల బీరువా ఏ లెక్కలోకీ రాలేదు. దానికి ముందు, నక్సలైటు ఉద్యమం రోజుల్లో, పోలీసు భయం. బొడ్డపాడులో జముకుల కథ కట్టి ఊళ్లు ఊపేసి, 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో పోయిన సుబ్బారావు పాణిగ్రాహి కాలంలో, ఇంట్లో అచ్చుకాగితం కనబడితే చాలని పొయ్యిలో పెట్టుకున్నవాళ్ల ముచ్చట్లు మావైపు పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

తుపానుని, పోలీసుని క్షమించొచ్చేమో గానీ, ఇప్పటి దొంగ సరుకుని క్షమించలేను. వాట్సాప్‌లో కథ వస్తుంది, రచయిత పేరుండదు. కింద ‘సేకరణ’ అని పంపినవాడి పేరుంటుంది. సేకరణ! మాస్టారు జీవితం ధారపోసిన మాట అది. యూట్యూబులో వీణ తగిలించి కథ చదువుతారు, నచ్చని పేరా ఎగరగొడతారు, పాత్ర పేరు మార్చేస్తారు, రచయిత కుటుంబాన్ని అడిగిన పాపాన పోరు. పుస్తకాలవాళ్లేం తక్కువ తిన్నారు? ‘ఆణిముత్యాలు’ అని అట్ట వేసి తేదీ లేకుండా, పత్రిక పేరు లేకుండా ముప్పై కథలు కుట్టేస్తారు. ఆ పుస్తకం చూసి ఒకాయన పరిశోధన చేస్తాడు, ఆ పరిశోధన చూసి ఇంకొకాయన డాక్టరేటు తెచ్చుకుంటాడు. మొదటివాడి తప్పు తేదీ ముగ్గురి పుస్తకాల్లో దర్జాగా కూర్చుంటుంది.

పలాస, మందస, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు పాత ఇళ్లున్నవాళ్లకి ఒక మాట. అటక మీద తాతగారి పెట్టె ఉంటే కొట్టువాణ్ణి పిలిచేముందు తెరవండి. అట్ట లేని సంచిక పారేయకండి, చిరిగిన పుటకి టేపు అంటించకండి, తడి ఉంటే ఎండలో కాకుండా నీడన గాలికి పెట్టండి. ఏ కట్టలోది ఏ కట్టలోకి కలపొద్దు, పక్క సంచికే తేదీ చెబుతుంది. దొరికింది కథానిలయానికి ఇవ్వండి. పుస్తకం వదులుకోవడం ఇష్టం లేకపోతే స్కాన్ చేయించి వెనక్కి తెచ్చుకోండి. టెక్కలి నుంచి శ్రీకాకుళం యాభై కిలోమీటర్ల పైచిలుకు, అంతే. ఈ వానాకాలం లోపల వెళ్లండి.