గెడ పడిందా?

మంగళవారం తెల్లారగట్ల టెక్సస్ నుంచి మా అక్క కొడుకు వీడియో కాల్ చేశాడు. వాళ్ళకింకా సోమవారం సాయంత్రమే. కారు పెట్టుకునే షెడ్డులో ఇద్దరు స్నేహితులతో కలిసి నాలుగు సీట్ల విమానం కడుతున్నాడని ఇదివరకు ఇక్కడ రాశాను. ఎగిరిందా అని అడుగుతూనే ఉన్నారు మీరు. ఇంకా లేదు. తలుపుల దాకా వచ్చింది పని.

"మావయ్యా, తలుపు మూస్తాను. సరిగ్గా పడిందో లేదో నువ్వు చెప్పు" అన్నాడు.

ఆ తలుపు మన కారు తలుపులా పక్కకి తెరుచుకోదు. మడతబందులు పైన, కప్పు దగ్గర ఉంటాయి. కోడి రెక్క విప్పినట్టు పైకి లేస్తుంది. దాన్ని దించి లోపలి పిడి తిప్పాడు. టక్కుమంది. పిడి చివరిదాకా వెళ్ళి ఆగింది. బాగానే పడిందిరా అన్నాను. వాడు ఫోను పట్టుకుని బయటికొచ్చి, తలుపు వెనక మూల దగ్గర టార్చి వేశాడు. అక్కడ అంచు నాలుగు నూళ్ళు పైకి తేలి ఉంది. సందులోంచి పిన్ను మెరుస్తోంది. దూరాల్సిన రంధ్రంలో దూరకుండా, దాని పక్కనుంచి జారి బయట నిలబడింది. ముందు పిన్ను ఎక్కింది, వెనకది ఎక్కలేదు. లోపల కూర్చున్నవాడికి మాత్రం పిడి ‘మూసేశాను’ అనే చెబుతోంది.

వడ్రంగి కొడుకుని. ఎవరింటికి వెళ్ళినా ముందు గెడ చూసేవాణ్ణి. అలాంటి నన్నే నమ్మించింది ఆ పిడి. రోజంతా మనసు అక్కడే ఉండిపోయింది.

వాడు కడుతున్నది ఆర్‌వి-10. ఒరెగాన్ రాష్ట్రంలోని వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే కంపెనీ విడిభాగాలు పంపుతుంది, కొన్నవాళ్ళు ఇంట్లో కట్టుకుంటారు. పనిలో సగానికి పైగా సొంత చేతులతో చేస్తేనే అక్కడ దాన్ని ఇంట్లో కట్టిన విమానంగా ఒప్పుకుంటారు. మన దేశంలో ముంబైవాసి అమోల్ యాదవ్ గారు మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టి, 2017లో రిజిస్ట్రేషన్ సాధించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆర్‌వి-10 తలుపుని ఫైబర్ పెంకులు రెండు కలిపి అతికించి, సానబట్టి, కట్టేవాడే తయారుచేసుకోవాలి. ఒకరి తలుపు ఇంకొకరి తలుపులా ఉండదు. ఎక్కడో కాస్త వంపు తేడా వస్తే వెనక మూల బయటికి తన్నుకొస్తుంది. ఇలా పిన్ను పడని తలుపులు గాల్లో ఊడిపోయిన సంఘటనలున్నాయి. ఆ తర్వాత కంపెనీ అదనంగా ఒక సేఫ్టీ లాచ్ తెచ్చింది.

తలుపు పలకనీ మనం రెక్క అనే అంటాం. ఒంటి రెక్క తలుపు, రెండు రెక్కల తలుపు. విమానం విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. వంపు తిరిగిన రెక్క మీదుగా గాలి పరిగెత్తినప్పుడు పైన ఒత్తిడి తగ్గి రెక్క లేస్తుంది కదా, వంపు తిరిగిన కప్పు మీదా తలుపు మీదా జరిగేది అదే. బయటి గాలి తలుపుని బయటికి పీలుస్తుంది. విశాఖ బీచ్ రోడ్డులో మన కురుసుర జలాంతర్గామి పైమూత చూడండి. నీళ్ళలో మునిగేకొద్దీ సముద్రమే దాన్ని అదిమి మూసి ఉంచుతుంది. పెద్ద విమానాల్లో మనం ఎక్కే తలుపుల్లో చాలావాటిని లోపలి గాలి ఒత్తిడే గట్టిగా కూర్చోబెడుతుంది. ఈ చిన్న విమానానికి అలాంటి సాయం లేదు. ఉన్నదల్లా గెడే.

పెద్ద విమానాలకీ సామాన్ల గది తలుపు బయటికి తెరుచుకునేదైతే ఇదే కథ. 1972 జూన్‌లో డీసీ-10 విమానం ఒకదానికి కెనడాలోని విండ్సర్ మీద ఆ తలుపు ఊడిపోయింది. పైలట్లు ఎలాగో దించారు, ప్రాణాలు దక్కాయి. 1974 మార్చి 3న పారిస్ నుంచి లండన్ బయల్దేరిన టర్కిష్ ఎయిర్‌లైన్స్ డీసీ-10కి మళ్ళీ అదే తలుపు ఊడింది. 346 మంది పోయారు. కారణం మా అల్లుడు చూపించినదానికి తోబుట్టువే. లోపల కొక్కేలు పూర్తిగా పడకపోయినా బయట పిడి మూసుకుంది. గెడలు పడ్డాయో లేదో చూసుకోవడానికి చిన్న అద్దం కిటికీ కూడా ఉంది ఆ తలుపుకి. ఎలా చూడాలో ఇంగ్లీషులోనూ టర్కిష్‌లోనూ రాసి ఉంది. ఆ రోజు తలుపు వేసిన కార్మికుడికి ఆ రెండూ రావు. తనకి చెప్పిన పని చెప్పినట్టే చేశాడు. యంత్రం మీద రాసే మాట దాన్ని పట్టుకునేవాడి భాషలో ఉండాలని నేను ఎన్ని వారాలు రాశానో మీకు తెలుసు. సబ్బవరం జంక్షన్ చుట్టూ ఫ్యాబ్రికేషన్ షెడ్లలో ఈ రోజుకీ కొత్త మిషన్ మీద తెలుగు అక్షరం కనిపించదు. అక్కడ పనిచేసే పిల్లల వేళ్ళు చూసినప్పుడల్లా నాకు ఆ అద్దం కిటికీ గుర్తొస్తుంది.

మంగళవారం రాత్రే వాడికి చెప్పాను: ఇంకో గెడ పెట్టు, దీపం పెట్టు, పిన్నులు రెండూ పడితేనే దీపం ఆరాలి, అప్పటిదాకా ఇంజిను వెయ్యకు. ఈ వారం కాలమ్ అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ గెడ అనగానే మా నాన్న గుర్తొస్తాడు. మా నాన్న గుర్తొస్తే హుద్‌హుద్ తుపాను గుర్తొస్తుంది.

ఎవరింట్లో తలుపు బిగించినా మా నాన్న ముందు డబ్బు పుచ్చుకునేవాడు కాదు. తలుపు మూసి, గెడ వేసి, ఇంటావిడని బయట నిలబెట్టి "భుజం పెట్టి నెట్టమ్మా, నీ ఇల్లే కదా, గట్టిగా నెట్టు" అనేవాడు. తలుపు కదలకపోతేనే డబ్బు. గెడ ముక్కు ద్వారబంధంలోకి రెండు వేళ్ళ లోతు దిగాలనేవాడు. మా ఇంట్లో ఎవరు గెడ వేసినా, వేసిన చేత్తోనే తలుపుని ఒకసారి నెట్టి చూడాలి. చప్పుడు విని నమ్మకూడదు. ఇదీ ఆయన పెట్టిన నియమం.

2014 అక్టోబరు 12, ఆదివారం. ముందురోజు నుంచీ వాన. పెరటి తలుపు ఉబ్బి ఉంది. ఉదయం దాని గెడ వేసింది నేను. టక్కుమంది. నెట్టి చూడలేదు. పసిపిల్లలకి పాలు కాచాలి, దీపాల్లోకి కిరసనాయిలు చూడాలి, నా తొందర నాది.

గంటకి 180 కిలోమీటర్ల గాలి అని తర్వాత చదివాను. ఆ రోజు మాకు అంకె తెలీదు, చప్పుడే తెలుసు. రైలు ఇంటిమీదుగా వెళుతూ వెళుతూ ఎంతకీ అయిపోనట్టు. పెరటి తలుపు ఒక్కసారిగా లోపలికి విరుచుకుపడింది. నేను పరిగెత్తి వీపు ఆనించి, కాళ్ళు నేలకి తన్నిపెట్టి నెట్టాను. నాలుగు వేళ్ళ దూరం మూసుకుంటుంది, మళ్ళీ జానెడు తెరుచుకుంటుంది. ఇంకో దమ్ము పడితే గెడ దొరుకుతుందనే అనిపించింది. ఆ రెప్పపాటులో నాకు ప్రపంచంలో ఇంకేదీ లేదు, ఆ గెడా దాని రంధ్రమూ తప్ప.

నడిమింట్లోంచి మా నాన్న అరిచాడు, "ఒగ్గేయ్రా! తలుపు ఒగ్గేయ్!"

నేను ఒగ్గలేదు. ఆయన ఎందుకు అరుస్తున్నాడో నాకు తెలీదు. నా వెంటే ఆరేళ్ళ మా అమ్మాయి వంటింట్లోకి వచ్చేసి నిలబడిందని, దాని నెత్తిమీద రేకులు ఒక్కొక్కటే లేస్తున్నాయని నేను చూడలేదు. గాలి లోపలికి దూరితే కప్పుని కింది నుంచి ఎత్తుతుంది. ముసలాయన వంగి వచ్చి ఒక చేత్తో పిల్లని చంకనెత్తి, ఇంకో చేత్తో నా చొక్కా కాలరు పట్టి నడిమింట్లోకి ఈడ్చాడు. శ్లాబు గది అది. దాని తలుపు మూసి, గెడ వేసి, చేత్తో నెట్టి చూశాడు. అంత గాలిలోనూ నెట్టి చూశాడు. అవతల వంటింటి రేకులన్నీ ఒకదాని వెంట ఒకటి లేచిపోయాయి. నేను వీపు ఆనించిన చోట దూలం పడింది.

నాలుగు రోజుల తర్వాత ఆ పెరటి తలుపు పక్కవాళ్ళ జీడితోటలో దొరికింది. పై మడతబందు విరిగి ఉంది. తిప్పి చూశాను. గెడ వేసినట్టే ఉంది, ముక్కు పూర్తిగా బయటికి చాచి.

గురువారం అల్లుడు మళ్ళీ కాల్ చేశాడు. మూడో లాచ్ బిగించాడు. దీపమూ పెట్టాడు. వెనక మూల వంపు సరిచేశాడు. నేను సంతోషించేలోపే ఇంకోటి చెప్పాడు. వాడికి ఎగరడం నేర్పే ఆయన ఇవన్నీ చూసి తలూపి, ఇక అసలు పని మొదలుపెట్టమన్నాడట. తలుపు గాల్లో తెరుచుకుంటే ఏం చెయ్యాలన్నదే ఆ పని. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ పైలట్ల కోసం వేసిన చేతిపుస్తకంలో దానిగురించి ఉంది. ఎగురుతుండగా తలుపు తెరుచుకోవడం చాలాసార్లు దానికదే పెద్ద ప్రమాదం కాదు. చలిగాలి, హోరు, కాగితాలు ఎగిరిపోవడం ఉంటాయి కానీ విమానం ఎగురుతూనే ఉంటుంది. పైలట్ బెదిరి, బెల్టు విప్పి తలుపు మూయబోతే, ఆ కాసేపు విమానాన్ని నడిపేవాడు ఉండడు. ప్రమాదం అప్పుడు వస్తుంది. ఆర్‌వి-10 తలుపు ఊడితే తోకకి తగిలే భయమూ ఉంది, నిజమే. అయినా చెయ్యాల్సిన మొదటి పని మారదు: విమానాన్ని నడపడం.

ఇన్నేళ్ళుగా గెడ ఎలా పడాలో రాశాను. గెడ జారాక ఏం చెయ్యాలో ఒక్క వారమూ రాయలేదు. ఆ రోజు నా కాలరు పట్టి ఈడ్చిన చెయ్యి ఏం చెప్పిందో ఇన్నాళ్ళూ నాకు సగమే అర్థమైంది. గెడ నెట్టి చూడమన్న సగం.

ఆ అసలు పని చూపిస్తానని అల్లుడు ఫోను స్టాండు మీద పెట్టి సీట్లో కూర్చున్నాడు. బెల్టు పెట్టుకున్నాడు. ఎడమచెయ్యి స్టిక్ మీద, కుడిచెయ్యి థ్రాటిల్ మీద. ఎదురుగా మీటర్ల అంకెలు పైకి చదువుతున్నాడు. వాడి స్నేహితుడు చెప్పాపెట్టకుండా బయటి పిడి లాగి తలుపు పైకి ఎగరేశాడు. మొదటిసారి వాడి ఎడమచెయ్యి స్టిక్ వదిలి తలుపు మీదికి పోయింది. రెండోసారి సగం దూరం పోయి ఆగింది. ఐదోసారో ఆరోసారో చెయ్యి కదల్లేదు, అంకెలు చదవడమూ ఆగలేదు. స్నేహితుడు తలుపు దించాడు. వాడు లోపలి పిడి తిప్పాడు. టక్కుమంది. దీపం ఆరింది. అయినా మోచేత్తో తలుపుని బయటికి గట్టిగా ఒక నెట్టు నెట్టాడు.

"అదెవరు నేర్పారురా?" అన్నాను.

"తాత" అన్నాడు.