చలనచిత్ర కథాసీమలు – అభిమానుల విమర్శ

చదివిన కథలోనికి, చూచిన చిత్రములోనికి కాలినడకన పోవలెనను కోరిక రసికులకు క్రొత్తది కాదు. ఆ కోరికను కట్టడముగా మార్చి, రుసుము పుచ్చుకొని చూపు పద్ధతి మాత్రము క్రొత్తది. 1955 జూలై 17వ తేదీన కాలిఫోర్నియాలోని యానహైము పట్టణమున డిస్నీలాండు తెరవబడినది మొదలు ఈ పద్ధతి పెరుగుచు వచ్చి, నేడు ఒక్కొక్క చలనచిత్రమునకు ఒక్కొక్క ప్రదేశమును ప్రత్యేకించి నిర్మించు స్థితికి చేరినది. వీథులు, అంగళ్ళు, భోజనశాలలు, రైడులు అన్నియు ఒకే కథాప్రపంచమునకు చెందియుండు ఇట్టి భాగమును ఈ వ్యాసమున ‘కథాసీమ’ యని వ్యవహరింతును.

అమెరికాలోని థీమ్ పార్కులలో క్రొత్త కథాసీమను కట్టబోవుచున్నట్లు ప్రకటన వెలువడినప్పుడెల్ల అభిమానులు రెండు పక్షములుగా చీలుదురు. చలనచిత్రములు వచ్చి పార్కు యొక్క స్వతంత్ర కల్పనలను మ్రింగివేయుచున్నవని యొక పక్షము. తాము ప్రేమించిన కథను కన్నులార చూడగోరుట దోషమెట్లగునని రెండవ పక్షము. పండితులు ఈ వాదమును బాల్యస్మృతులపై మమకారముగా, లేదా వట్టి మోజుగా త్రోసివేయుట కలదు. అది తొందరపాటని నా యభిప్రాయము. ఈ యభిప్రాయములలో నిజమైన విమర్శ యున్నది. కాని అది ఫిర్యాదు రూపమున నుండుటచేత దాని హేతువు మరుగుపడినది. మన లక్షణశాస్త్రము ఆ హేతువును వెలికి తీయుటకు చాలును.

మొదట స్వతంత్ర కల్పన యను మాటను పరిశీలింతము. ధనంజయుడు దశరూపకమున ఇతివృత్తమును ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూడు విధములుగా విభజించెను. మన రామరాజభూషణుడు వసుచరిత్రావతారికలో ఈ విభాగమునే చర్చించి మిశ్రమునకు ప్రాధాన్య మిచ్చెను. అభిమానుల మొదటి పక్షము ఉత్పాద్యమే పార్కునకు సహజమనియు, ప్రఖ్యాతము ఈ మధ్య వచ్చి చేరినదనియు తలచుచున్నది. చరిత్ర దీనిని సమర్థింపదు. డిస్నీలాండు తెరచిన యేడాదియే స్నో వైట్, పీటర్ పాన్ చిత్రములను బట్టి నిర్మించిన రైడు లందు గలవు. 1956లో వెలసిన టామ్ సాయర్ ద్వీపము మార్క్ ట్వేన్ నవలపై ఆధారపడినది. దీనికి విపర్యయముగా 1967లో వచ్చిన ‘పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్’ అను రైడు స్వతంత్ర కల్పన. 2003లో ఆ రైడునుండి చలనచిత్రము పుట్టినది. 2006లో ఆ చిత్రమునందలి జాక్ స్పారో మరల రైడులోనికి ప్రవేశించెను. ఉత్పాద్యము ప్రఖ్యాతమై తన పుట్టినింటికి తిరిగివచ్చిన దన్నమాట. కావున కథ ముందు వచ్చినదా, స్థలము ముందు వచ్చినదా యను ప్రశ్న గుణనిర్ణయమునకు పనికిరాదు.

రెండవ ఫిర్యాదు ఇంతకంటె లోతైనది. 2019లో కాలిఫోర్నియాలోను, ఫ్లోరిడాలోను ‘స్టార్ వార్స్: గెలాక్సీస్ ఎడ్జ్’ అను కథాసీమ తెరవబడినది. ఒక్కొక్కటి సుమారు 14 ఎకరముల నిర్మాణము. నిర్మాతలు చిత్రములలో ప్రసిద్ధమైన గ్రహమును గాక, బటూ అను క్రొత్త గ్రహమును కల్పించిరి. కాలమును ఇటీవలి చిత్రములకు సంబంధించినదిగా నిర్ణయించిరి. సందర్శకుడు తన కథకు తానే నాయకుడై మెలగవలెనని వారి యాశయము. పనితనమును మెచ్చని అభిమాని లేడనవచ్చును. అయినను ల్యూక్ ఎక్కడ, హాన్ సోలో ఎక్కడ, డార్త్ వేడర్ ఎక్కడ అను ప్రశ్న మొదటినుండియు వినబడుచునే వచ్చినది. తుదకు 2026లో డిస్నీలాండునందలి సీమకు పాత చిత్రముల పాత్రలను కొనివత్తుమని సంస్థవారు 2025లో ప్రకటించిరి.

ఇట్టిది పూర్వమొకసారి జరిగినది. 1955 నాటి స్నో వైట్ రైడులో స్నో వైట్ కనబడదు. పీటర్ పాన్ రైడులో పీటర్ కనబడడు. రైడులో కూర్చున్నవారే ఆ పాత్రలని నిర్మాతల భావము. సందర్శకులకు అది బోధపడలేదు. నాయిక యేదని, నాయకుడేడని వారడుగుచుండిరి. 1983లో ఆ భాగమును పునర్నిర్మించినప్పుడు ఆ పాత్రల బొమ్మలను చేర్చిరి. ఒకే ప్రయోగము రెండు తరములలో ఒకే విధముగా ఫలించినదనిన, లోపము సందర్శకుల యవగాహనలో గాక సిద్ధాంతమునందే యుండవలెను.

ఆ లోపమును భట్టనాయకుని సాధారణీకరణ సిద్ధాంతము తేటపరచును. రసము తటస్థమైన పరకీయవస్తువుగా తోచినను ఆస్వాదము లేదు. కేవలము స్వకీయముగా తోచినను లేదు. సామాజికుడు రాముని దుఃఖమును రాముడై యనుభవింపడు. అట్లనుభవించిన అది దుఃఖమే గాని కరుణరసము కాదు. మిలీనియం ఫాల్కన్ నౌకలో ఆరుగురు సందర్శకులు నౌకను నడపువారుగా, ఫిరంగులు కాల్చువారుగా, మరమ్మతు చేయువారుగా కూర్చుందురు. వెనుక వరుసలోనివారు బొత్తాములు నొక్కు తొందరలో ఎదుటి దృశ్యమును చూడజాలకున్నామని చెప్పుదురు. ఈ ఫిర్యాదు అల్పముగా తోచవచ్చును. కాని క్రియలో నిమగ్నమైన వానికి ఆస్వాదమునకు తీరిక లేదను శాస్త్రార్థమే ఇందు గలదు. ఆ రైడులో ఆనందము లేదని నే ననుట లేదు. అది క్రీడానందము, రసానందము వేరు.

ఇచట నొక యాక్షేపము రావచ్చును. ఫ్లోరిడాలోని ఆనిమల్ కింగ్‌డమ్‌లో 2017లో తెరచిన పండోరా సీమయందు ‘అవతార్’ చిత్రమునందలి నాయికానాయకులు తిరుగాడరు. చిత్రమందలి యుద్ధము ముగిసిన చాల కాలమునకు జరుగు కథగా దానిని కల్పించిరి. జంతువుల పార్కులో ఈ చిత్రమున కేమి పని యని 2011లో ప్రకటన వచ్చినప్పుడు సందేహించిన అభిమానులు పెక్కురు. తెరచిన పిమ్మట వారిలో అనేకులు మెచ్చుకొనిరి. నాయకుడు లేకుండుటయే దోషమైనచో ఈ సీమ యెట్లు నచ్చినది?

సమాధానము ఆలంబనమునందున్నది. ప్రేక్షకుని హృదయమున రతి గాని విస్మయము గాని దేనిని ఆశ్రయించి నిలిచినదో అది యాలంబనము. దానిని పెంచు వనములు, వెన్నెల మొదలగునవి ఉద్దీపనములు. అవతార్ చిత్రమును చూచినవానికి మిగులునది ఆకాశమున తేలు పర్వతములు, రాత్రివేళ వెలుగు నడవి. అందు సాధారణముగా ఉద్దీపనము కావలసిన ప్రకృతియే విస్మయమునకు ఆలంబనమైనది. దానిని కట్టి చూపిరి గాన నాయకుని కొరత తెలియలేదు. స్టార్ వార్స్ కథలో అట్లు కాదు. అచట ప్రేక్షకుని ప్రేమ తండ్రి, కుమారుడు, సోదరి, మిత్రులు అను మనుష్యులపై నిలిచినది. ఇసుక, నౌకలు, విచిత్రజీవులు ఉద్దీపనములు మాత్రమే. ఉద్దీపనములను ఎంత నేర్పుతో కూర్చినను ఆలంబనము లేనిచోట రసము నిలువదు.

2010లో ఫ్లోరిడాలోని యూనివర్సల్ పార్కులో వెలసిన హ్యారీ పాటర్ సీమ, 2014లో దానికి తోడుగా వచ్చిన డయాగన్ వీథి, ఈ సూత్రమునకు మరియొక యుదాహరణము. ఆ నవలలయందు పాఠకుని ప్రేమలో సగము హ్యారీపై నున్నను, మిగిలిన సగము బడి, అంగడి, రైలుబండి యను నిత్యజీవితముపై నున్నది. ఆ సీమలో సందర్శకుడు హ్యారీ కానక్కరలేదు. మంత్రదండము కొని వీథిలో తిరుగు ఒక పౌరుడైన చాలును. హ్యారీ తన చోట తానుండును. నాయకుడును గాక, పరాయివాడును గాక యుండు ఈ స్థితి సాధారణీకరణమునకు మిక్కిలి దగ్గరగా నున్నది.

ఇక మూడవ ఫిర్యాదు వినాశమునకు సంబంధించినది. ఫ్లోరిడాలోని మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 1971 నుండి యున్న ‘రివర్స్ ఆఫ్ అమెరికా’ అను నదిని, అందలి ద్వీపమును, పడవను 2025 జూలైలో మూసివేసిరి. 2006 నాటి ‘కార్స్’ చిత్రమును బట్టి అచట నొక సీమను నిర్మించుటకు పూనుకొనిరి. అభిమానుల దుఃఖము రెండు విధముల వ్యక్తమైనది. పందొమ్మిదవ శతాబ్దపు సరిహద్దు పల్లెల ప్రక్కన మాటలాడు మోటారుకార్లేమిటని కొందరు. ఇది క్షేమేంద్రుడు చెప్పిన యౌచిత్యవిచారమే. దేశకాలముల పొంతనను గూర్చిన యీ ప్రశ్నకు నిర్మాతలు సమాధానము చెప్పవలసియే యుండును. తల్లిదండ్రులతో కూర్చున్న పడవ పోయినదని మరికొందరు. ఇది స్మృతి. స్మృతి సహృదయుని తయారు చేయును గాని ప్రమాణము కాజాలదు.

ప్రమాణము కాదనుటకు నిదర్శనము స్ప్లాష్ మౌంటెన్ రైడు. 1989లో వచ్చిన ఈ రైడు 1946 నాటి ‘సాంగ్ ఆఫ్ ది సౌత్’ చిత్రముపై నిలిచినది. ఆ చిత్రము నల్లజాతివారి జీవితమును చిత్రించిన తీరు చిరకాలముగా నిందకు గురియైనది. 2023లో ఆ రైడును మూసి, 2024లో టియానా రాకుమారి కథతో తిరిగి తెరచిరి. పాతది పోయినదను వగపు ఇచట వాదము కాదు. ఒకరి తీపిజ్ఞాపకము మరియొకరికి అవమానము కావచ్చును. కాని క్రొత్త రైడులో ఉత్సవమునకు వాద్యగాండ్రను వెదకుటయే గాని సంఘర్షణ లేదను ఫిర్యాదు వేరు. అది ఇతివృత్తమును గూర్చిన విమర్శ, దానిని వినవలెను. ఈ రెంటిని ఒకే గాటన కట్టుటచేతనే అభిమానుల మాటకు విలువ తగ్గినది.

ఈ విచారము మనకు దూరమైనది కాదు. హైదరాబాదు చెంత 1996లో వెలసిన రామోజీ ఫిల్మ్ సిటీలో ‘బాహుబలి’ చిత్రములకై నిర్మించిన మాహిష్మతిని సందర్శకులు నేడును చూచుచున్నారు. అది కెమెరా కంటికై కట్టినది. నడచు మనిషికై కట్టిన కథాసీమ కాదు. అందుచే అచట కలుగునది చిత్రమెట్లు తీసిరో తెలిసికొను కుతూహలము. రేపెవరైన తెలుగు కథకు నిజమైన సీమను కట్టదలచిన, ద్వారము లెంత యెత్తుండవలెనని గాక, ఈ కథలో ప్రేక్షకుని హృదయము దేనిని పట్టుకొని యున్నదని మొదట ప్రశ్నించుకొనవలెను.

డిస్నీ సంస్థవారు పదేండ్లలో పార్కులు మున్నగు విహారశాఖలపై సుమారు 6,000 కోట్ల డాలర్లు వెచ్చింతుమని 2023లో ప్రకటించిరి. ఇంత ధనము పెట్టువారు తెలిసిన కథనే యాశ్రయించుట వింత కాదు. కాని ప్రఖ్యాతి జనమును వాకిటిదాక తెచ్చును. లోపల నిలుపునది ఆలంబనమే. అభిమానులు ఆ పారిభాషికపదము నెరుగకున్నను, అది లేనిచోటును సరిగా చూపగలిగిరి. వారి మాటలనుండి మమకారమును, హేతువును వేరుపరచుట విమర్శకుని పని. ఆ పని చేయక వారిని పరిహసించుట సులభమే గాని, శాస్త్రము నభ్యసించినవారికి తగదు.